సిబ్బంది లేని సుపరిపాలన

ప్రభుత్వ కార్యాలయాలను ఎలా బాగుచేయాలా అని పెద్దలు తలలు పట్టుకుంటున్న ఈ రోజుల్లో, గుంటూరు నుంచి తెనాలి మీదుగా రేపల్లె వెళ్లే రైలు దారిలో ఉన్న మా ఊరి హాల్టును, అంటే సిబ్బంది లేని చిన్న స్టేషన్‌ను, ఒక్కసారి వచ్చి చూడవలసిందిగా వారికి సవినయంగా మనవి చేస్తున్నాను. ఇక్కడ స్టేషన్ మాస్టరు లేడు, పోర్టరు లేడు, టికెట్లిచ్చే గుమాస్తా లేడు; కనుక ‘రేపు రండి’ అనేవాడూ లేడు, భోజనానికని వెళ్లి సాయంత్రం దాకా తిరిగిరానివాడూ లేడు.

ఈ మార్గం 1916లో పూర్తయింది. తరువాత 1951లో దక్షిణ రైల్వే, 1966లో దక్షిణ మధ్య రైల్వే, 2003లో గుంటూరు డివిజన్ ఏర్పడ్డాయి. పై ఏలికలు ఇన్నిసార్లు మారినా, మా స్టేషన్ హాల్టు అయిన నాటి నుంచి మా దగ్గర ఒక్క బదిలీ కూడా జరగలేదు. బదిలీ చేయడానికి మనిషంటూ ఉండాలి కదా!

హాల్టుల్లో కమీషన్ మీద టికెట్లు అమ్మే ఏజెంటును పెట్టే పద్ధతి ఉంది. 10 రూపాయల టికెట్టు మీద మిగిలే కమీషన్‌తో ఒక టీ తాగాలంటే ఎందరు ప్రయాణికులు రావాలో లెక్క వేసుకున్న మా ఏజెంటు గేదెలు కొనుక్కున్నాడు. ఇప్పుడు టికెట్టు ఫోనులోనే తీసుకోవచ్చు గాని, పట్టాలకు మరీ దగ్గరగా నిలబడితే ఆ యాప్ ఒప్పుకోదు. అందువల్ల రైలెక్కడానికి స్టేషన్‌కు వచ్చిన మనిషి, టికెట్టు కోసం స్టేషన్ విడిచి మినప చేను గట్టు దాకా నడిచి, బండి కూత వినబడగానే పంచె ఎగగట్టి పరుగెత్తి రావలసి ఉంటుంది. ప్రజారోగ్యం మీద ఇంత శ్రద్ధ ఆరోగ్యశాఖకైనా ఉందా అని నా సందేహం.

2020 మార్చిలో ఆగిన ప్యాసింజర్లు తిరిగి వచ్చినప్పుడు, ఆ పెట్టెలకే, ఆ వేగానికే ఎక్స్‌ప్రెస్ అని నామకరణం చేసి కనీస ఛార్జీని 30 రూపాయలు చేశారు. 2024 ఫిబ్రవరిలో మళ్లీ 10కి దించేవరకు మేమంతా ఎక్స్‌ప్రెస్ ప్రయాణికులుగా తలెత్తుకు తిరిగాం. గార్డు పదవికి 2022లో ట్రైన్ మేనేజర్ అని పేరు మార్చినందువల్ల, బండి ఆగిన ఆ నిమిషం సేపు మా స్టేషన్‌కూ ఒక మేనేజరు ఉన్నట్టే లెక్క.

ఇక పసుపు బోర్డు సంగతి. బండి ఎప్పుడొస్తుందో అది చెప్పదు. సముద్రమట్టానికి మేము ఎన్ని మీటర్ల ఎత్తున ఉన్నామో మాత్రం దశాంశాలతో సహా చెబుతుంది. బండి కోసం కూర్చున్న ముసలివాళ్లు ఆ అంకెను కంఠస్థం చేశారు.

ఇదంతా ఫిర్యాదు అనుకునేరు. ఫిర్యాదుల పుస్తకం స్టేషన్ మాస్టరు వద్ద లభించునని గోడ మీద పాత అక్షరాలు ఇప్పటికీ కనబడుతున్నాయి. ఆ గదికి తాళం వేసి ఉంది. తాళంచెవి పెద్ద స్టేషన్‌లో ఉందట; అక్కడికి వెళ్లాలంటే సాయంత్రం బండి రావాలి.