మనిల్లాలు కొన్న దొరవారికి విన్నపం

మహారాజశ్రీ నైజీరియా బ్రిటిష్ వలస సర్కారు దొరవారి దివ్య సముఖమునకు,

తమరు 1948లో ‘ఆపరేషన్ మనిల్లా’ అని పేరు పెట్టి, నైజీరియా ఆగ్నేయ తీరాన కలబార్ చుట్టుపక్కల జనం దగ్గర పేరుకుపోయిన మనిల్లాల చిల్లరంతా కొనేశారని చదివాం. తమ దాతృత్వానికి కళ్ళు చెమర్చాయి. లెక్క చూసుకున్నాక చెమ్మ ఆరిపోయింది గనక ఈ ఉత్తరం.

మనిల్లా ఎలా ఉంటుందో తమకు చెప్పక్కర్లేదు గాని, పక్కనుంచి చదివేవాళ్ళ కోసం చెప్తాను. రాగిదో కంచుదో కడియం. కొసలు రెండూ కలవవు, గుర్రపు నాడాలా తెరుచుకుని, చివర్న బల్లపరుపుగా విచ్చుకుంటాయి. దీన్ని మొదట ఓడల్లో తెచ్చి దింపింది పోర్చుగీసువాళ్ళు. తరవాత తమ బర్మింగ్‌హామ్‌లోనే పోతపోసి పంపారు. 1500ల మొదట్లో కలబార్‌లో ఎనిమిదో పదో పారేస్తే ఒక బానిస, ఒక్కటిస్తే ఏనుగు దంతం. ఆ బేరాలు నడిచినంతకాలం ఇది మోటు డబ్బని ఎవరికీ తోచలేదు పాపం!

1902లో అనుమతి లేని దిగుమతి కట్టు అన్నారు. సరుకు ఆగింది, వాడకం ఆగలేదు. కొత్తవి రావు, ఉన్నవాటికి గిరాకీ తగ్గదు, పామాయిల్ ధర లేస్తే వీటి రేటూ లేచేది. షిల్లింగుల్లో జీతం పుచ్చుకున్న గుమాస్తా సంతకెళ్తే అక్కడ దుంపలమ్మే ఆవిడ మనిల్లాలే అడిగేది. మారకంలో గుమాస్తా మునిగాడు. సంతలో ఆడవాళ్ళు ఎన్నేళ్ళు మొత్తుకున్నా వినపడని చెవికి గుమాస్తా గోడు మాత్రం ఇట్టే వినపడింది.

దాంతో మనిల్లాలు కొనడానికి దిగారు: ఒక్పోహో రకానికి మూడు పెన్నీలు, ఒకొంబోకి ఒకటి, అబీకి అర పెన్నీ. ధర కట్టింది తమరే, కొన్నదీ తమరే. 1949 ఏప్రిల్ 1 నుంచి చెల్లవన్నారు. అంతకుముందు ఆరు నెలలు గడువిచ్చారు, ఆ మంచితనం ఒప్పుకోవాలి. మాకు 2016లో నవంబరు 8 రాత్రి చెప్పి, డిసెంబరు 30కల్లా బ్యాంకు కౌంటరు మూసేశారు. స్వతంత్ర దేశం గదా, పనులు చురుగ్గా సాగుతాయి.

ఒక్పోహోలే 3 కోట్ల 25 లక్షలు వచ్చి పడ్డాయి. పౌనుకి 240 పెన్నీల లెక్కన 4,06,250 పౌన్లు. అన్ని రకాలూ కలిపి 2,460 టన్నుల లోహాన్ని ఐరోపాలో ఒక వ్యాపారికి తుక్కు కింద తూచారు. తూకాన్ని సంఖ్యతో భాగిస్తే ఒక్కోటి 75 గ్రాముల పైమాటే. అంటే ఒక్క పౌను కాగితం కోసం 80 కడియాలు, ఆరు కిలోల లోహం, మూట కట్టి తేవాలి. ఇంతా చేసి తమరికి దాదాపు 2,84,000 పౌన్లు చేతి చమురు వదిలింది. చమురంటే తమది కాదు లెండి, పన్ను కట్టేవాళ్ళది.

అన్నిటికన్నా నాకు నచ్చింది ఆ 200 సంగతి. పెళ్ళిళ్ళకీ చావులకీ మనిషికి 200 దాకా ఉంచుకోవచ్చని సెలవిచ్చారట. ఎంత దయ! ఇంతకీ కొన్ని సందేహాలు. ఒకే వారంలో కూతురి పెళ్ళీ మామగారి కర్మా పడితే 200తోనే సరిపెట్టాలా? 201వది దొరికితే కేసు ఎవరి మీద, పెళ్ళికూతురి మీదా, శవం మీదా? లెక్కపెట్టడానికి వచ్చే జవాను భోజనం చేసి వెళ్తాడా, ముందే వస్తాడా?

ఈ మూడింటికీ జవాబు దయచేయించ ప్రార్థన.

ఇట్లు,
తమ విధేయుడు,
రద్దయిన నోట్లతో క్యూలో నిలబడ్డవాడు

తా.క.: కరిగించగా మిగిలిన మనిల్లాలు ఇప్పుడు పాత నాణేల అంగళ్ళలో అమ్ముతున్నారు. మూడు పెన్నీలకు అడిగి చూడండి, ఇస్తారేమో.