గర్భసంచి తీసేస్తే ఎండోమెట్రియోసిస్ పోతుందా?

మా బంధువుల వాట్సాప్ గ్రూపులో ఎండోమెట్రియోసిస్ (గర్భసంచి లోపొర లాంటిది సంచి బయట పెరిగే జబ్బు) గురించి ఒక మెసేజ్ తిరుగుతోంది. అందులో ఉన్నది ఇదీ: "నెలసరి నొప్పికి కారణం ఎండోమెట్రియోసిస్ అయితే పెళ్లి చేసెయ్యండి, ఒక కాన్పుతో పోతుంది. పోకపోతే గర్భసంచి, అండాశయాలు తీయించండి. ఈస్ట్రోజన్ పుట్టేది అండాశయాల్లోనే కాబట్టి జబ్బు వేరుతో సహా పోతుంది." ఆ గ్రూపులో నెలనెలా నొప్పితో మెలికలు తిరిగే ఆడపిల్లలున్నారు. వాళ్ల అమ్మలు ఇది నమ్ముతారేమోనని నా భయం.

ముందు చివరి వాక్యం సంగతి చూద్దాం, మిగతా సలహా అంతా దాని మీదే నిలబడింది కాబట్టి. ఈ జబ్బును పెంచే హార్మోన్ ఈస్ట్రోజన్. అది ఒక్క అండాశయాల్లోనే పుట్టదు. కిడ్నీల పైన ఉండే అడ్రినల్ గ్రంథుల నుంచి కూడా ఆండ్రోజన్లు అనే హార్మోన్లు వస్తాయి. ఆరోమటేజ్ అనే ఎంజైమ్ వాటిని ఈస్ట్రోజన్‌గా మారుస్తుంది. ఆ ఎంజైమ్ కొవ్వులోనూ చర్మంలోనూ ఉంటుంది. ఆరోగ్యంగా ఉన్న గర్భసంచి లోపొరలో మాత్రం దాదాపు కనిపించదు. కానీ ఎండోమెట్రియోసిస్‌లో అలాంటి పొరే గర్భసంచి బయట, అండాశయాల మీదో పేగుల మీదో అతుక్కుని పెరుగుతుంది. ఆ కణాల్లో ఆరోమటేజ్ ఉంటుంది. అంటే జబ్బు తనకు కావలసిన ఈస్ట్రోజన్‌ను తానే తయారుచేసుకోగలదు.

అంతటితో ఆగదు. ఈస్ట్రోజన్ పెరిగిన కొద్దీ అక్కడ ప్రోస్టాగ్లాండిన్ ఇ2 అనే రసాయనం పెరుగుతుంది. నొప్పి, వాపు దానివల్లే ఎక్కువ. అదే మళ్లీ ఆరోమటేజ్‌ను రెచ్చగొడుతుంది. మామూలు లోపొరలో 17-బీటా-హెచ్ఎస్‌డి టైప్ 2 అనే మరో ఎంజైమ్ ఘాటైన ఈస్ట్రోజన్ రకం ఎస్ట్రడయోల్‌ను బలహీనమైన రకం ఎస్ట్రోన్‌గా మార్చేస్తుంది. ప్రొజెస్టిరాన్ అనే హార్మోన్ చెబితే అది పనిచేస్తుంది. ఈ జబ్బు కణాలు ప్రొజెస్టిరాన్ మాట సరిగా వినవు, కాబట్టి ఆ ఎంజైమూ కొరవడుతుంది.

1998లో అమెరికా వైద్యులు ప్రచురించిన ఒక కేసు చూడండి. 57 ఏళ్ల స్త్రీ. గర్భసంచి, రెండు అండాశయాలు అప్పటికే తీసేశారు. అయినా జబ్బు తిరిగొచ్చింది. ఆరోమటేజ్‌ను అడ్డుకునే అనస్ట్రోజోల్ ఇచ్చాక నొప్పి పోయింది, గడ్డ బాగా కుంచించుకుపోయింది. (నెలసరి ఉన్నవాళ్లకు ఇలాంటి మందు ఒంటరిగా ఇవ్వరు. వేరే హార్మోన్ జోడించాలి, ఎముకల బలం చూసుకోవాలి. మెడికల్ షాపులో అడిగి కొనుక్కునే మందు కాదు.)

ఇక "గర్భసంచి తీయించండి" అన్న మాట. జబ్బు గర్భసంచి బయట ఉన్నప్పుడు సంచి ఒక్కటే తీస్తే అది ఎక్కడికి పోతుంది? బయటి గడ్డలన్నీ కలిపి తీస్తే కొందరికి నిజంగానే ఉపశమనం ఉంటుంది, కాదనను. కానీ చిన్న వయసులో అండాశయాలు పోతే ఎముకలకు, గుండెకు ముప్పు. మన దగ్గర ఈ ఆపరేషన్ ఇప్పటికే ఎక్కువ. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశంలో 3.2 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7.

పెళ్లి, కాన్పు మందు కాదు. గర్భంతో ఉన్నప్పుడు కొందరికి నొప్పి తగ్గవచ్చు, తర్వాత తిరిగి రావచ్చు. చికిత్స కోసం గర్భం దాల్చమని చెప్పకూడదని 2022 యూరప్ మార్గదర్శకాలు స్పష్టంగా చెప్పాయి. పైగా ఈ జబ్బు ఉన్న చాలామందికి గర్భం రావడమే కష్టం. పిల్లలు కలగడం లేదని ఆ అమ్మాయినే నిందించే ఇంటికి ఈ సలహాతో పంపుతున్నామా?

ఆపరేషన్ కాగితం మీద సంతకం పెట్టేముందు డాక్టరును ఇవి అడగండి: హార్మోన్ మాత్రలు ముందు వాడి చూశామా? బయటి గడ్డలన్నీ తీస్తారా? అండాశయాలు ఎందుకు తీయాలి, ఉంచితే ఏమవుతుంది?