మార్కు మారకపోతే కొలత సరైనదేనా?

భీమవరం చుట్టుపక్కల రొయ్యల చెరువు గట్టు మీద రాత్రంతా కాపలా కాసే మనిషిని పీహెచ్‌క్యూ-9 ప్రశ్నలు అడిగామనుకోండి. డిప్రెషన్‌ను వడపోసేందుకు విరివిగా వాడే ప్రశ్నావళి ఇది. గత రెండు వారాల గురించి తొమ్మిది ప్రశ్నలు, ఒక్కోదానికి 0 (అస్సలు లేదు) నుంచి 3 (దాదాపు రోజూ) మార్కులు, అన్నీ కలిపి గరిష్ఠంగా 27. నిద్ర సరిగ్గా ఉంటోందా? తెల్లవారుజామున నీళ్లలో ఆక్సిజన్ పడిపోతుంది, నీళ్లకు గాలి అందించే ఏరియేటర్ ఆగితే పంట పోయినట్టే, ఇక నిద్రెక్కడిది? 3. నీరసం, 3. వేళాపాళా లేని తిండితో ఆకలి చచ్చింది, 2. ధ్యాస కుదరదు, 2. మొత్తం 10. డిప్రెషన్ ఉండొచ్చని అనుమానించే గీత సరిగ్గా అక్కడే ఉంది. ఆసక్తి పోయిందా, దిగులుగా ఉందా అన్న మొదటి రెండిటికీ అతను సున్నాయే చెప్పాడు. నిర్ధారణకు ఆ రెంటిలో ఒకటైనా ఉండితీరాలి. ఫారాలు నింపే తొందరలో చూసేది మాత్రం కూడికనే.

వచ్చే వారం అడిగినా పదే వస్తుంది. అంటే విశ్వసనీయత ఉంది. కొలవాలనుకున్నదాన్నే కొలిచామా అన్నది సప్రమాణత, దాని లెక్క వేరు. నివేదికల్లో ‘క్రోన్‌బాక్ ఆల్ఫా 0.8’ అని ఒక ముక్క రాసేసి చేతులు దులుపుకోవడం పరిపాటి అయిపోయింది. ప్రశ్నల మధ్య ఎంత పొత్తు కుదిరిందో ఆల్ఫా చెబుతుంది, అంతే. ఒకే ప్రశ్నను మాట మార్చి నాలుగుసార్లు అడిగినా ఆ అంకె పెరుగుతుంది! 1951లో ఆల్ఫా మీద వ్యాసం రాసిన మనస్తత్వ శాస్త్రవేత్త లీ క్రోన్‌బాకే, 1955లో మరో మనస్తత్వ శాస్త్రవేత్త పాల్ మీల్‌తో కలిసి, సప్రమాణతను సాధారణంగా ఒక్క అంకెలో చెప్పలేమని రాశారు. మనవాళ్లు మొదటి వ్యాసం దగ్గరే ఆగిపోయారు.

అలాగని విశ్వసనీయత అక్కర్లేదని కాదు. కొలత తడబడితే అసలున్న సంబంధం కూడా పల్చగా కనిపిస్తుందని మనస్తత్వ శాస్త్రవేత్త చార్లెస్ స్పియర్‌మన్ 1904లోనే చూపించాడు. 0 నుంచి 1 వరకు ఉండే లెక్కలో విశ్వసనీయత 0.64 అయితే, మరో కొలతతో దాని సహసంబంధం (రెండూ ఎంతగా కలిసి పెరుగుతాయి, తగ్గుతాయి అన్న అంకె) 0.64 వర్గమూలమైన 0.8 దాటదు.

కోనసీమలో ఇంకో చిక్కుంది. భర్త గల్ఫ్‌లో ఉన్న కోడల్ని అరుగు మీద కూర్చోబెట్టి, అత్తగారు వింటుండగా అడిగితే ఏం చెబుతుంది? “ఆయ్, బానే ఉన్నామండి.” ఎన్ని వారాలు అడిగినా అదే జవాబు. అన్నిటికీ సున్నా. నిలకడకు మాత్రం కొదవలేదు.

ప్రశ్నలు తెలుగులోకి మార్చగానే సర్వే మొదలుపెట్టకూడదు. ముందు కొందరిని విడిగా కూర్చోబెట్టి, అడిగినది ఎలా అర్థమైందో వాళ్ల మాటల్లోనే చెప్పించుకోవాలి. ఆ మార్కులు తెలియని సైకియాట్రిస్టు చేత కొంతమందిని పరీక్ష చేయించి పోల్చితే, 10 అన్న గీత ఇక్కడ పనికొస్తుందో లేదో తేలుతుంది. దానికి డబ్బూ రోజులూ పడతాయి కాబట్టి, నిధులిచ్చేవాళ్లే ముందుగా షరతు పెట్టాలి.