ఎందరన్నది ఎవరి లెక్క? అవాబాయి వాడియా జీవితం వేసే ప్రశ్న

ఇద్దరికి మించి పిల్లలున్నవారు స్థానిక సంస్థల ఎన్నికల్లో పోటీ చేయరాదన్న నిబంధనను ఆంధ్రప్రదేశ్ శాసనసభ 2024 నవంబరులో రద్దు చేసింది. 1994 పంచాయతీరాజ్ చట్టంతో వచ్చిన ఆ నిబంధన పోవలసిందే. అయితే అందుకు చెప్పిన కారణమే కలవరపెడుతోంది. జననాలు తగ్గాయి, వృద్ధుల సంఖ్య పెరుగుతోంది, కాబట్టి ఇకమీదట ఎక్కువమందిని కనాలట. నిన్నటిదాకా ఇద్దరు చాలన్న ప్రభుత్వమే నేడు ఇద్దరు చాలరంటోంది. కనవలసిన మనిషిని మాత్రం అప్పుడూ అడగలేదు, ఇప్పుడూ అడగడం లేదు. ఆ మనిషిని అడగడమే కుటుంబ నియంత్రణకు ప్రాణమని జీవితాంతం నమ్మిన అవాబాయి వాడియాను ఈ సమయంలో తలచుకోవడం అవసరం.

ఆమె 1913లో కొలంబోలో ఒక పార్సీ కుటుంబంలో పుట్టారు. పందొమ్మిదేళ్లకే బ్రిటన్‌లో బారిస్టరు పరీక్షలు నెగ్గి, ఆ ఘనత సాధించిన తొలి సిలోన్ మహిళ అయ్యారు. రెండో ప్రపంచయుద్ధ కాలంలో బొంబాయి చేరి, మహిళా సంఘాల పనిలో దిగారు. సంతాన నిరోధం అన్న మాట మొదట చెవిన పడ్డప్పుడు ఆమెకు కలిగింది ఏవగింపే. గర్భం, చనుబాలు, మళ్లీ గర్భం అనే చక్రంలో తిరిగి తిరిగి చావుతోనే విముక్తి పొందుతున్న ఆడవాళ్ల గురించి బొంబాయిలో ఒక వైద్యురాలు చెప్పగా విన్న తర్వాతనే ఆమె మనసు మారింది. 1949లో భారత కుటుంబ నియంత్రణ సంఘం స్థాపనలో భాగమై, తరువాతి కాలంలో 34 ఏళ్లపాటు దానికి అధ్యక్షత వహించారు.

1952 ఆమె జీవితంలో విచిత్రమైన ఏడాది. ప్రపంచంలోనే మొదటిసారిగా ఒక ప్రభుత్వం, అంటే మన ప్రభుత్వం, కుటుంబ నియంత్రణను అధికారిక కార్యక్రమంగా చేపట్టింది అప్పుడే. బొంబాయిలో జరిగిన సదస్సులో కుటుంబ నియంత్రణ సంఘాల అంతర్జాతీయ సమాఖ్య పుట్టిందీ అప్పుడే. ఆ సదస్సు నిర్వహణ భారం మోసినవారిలో అవాబాయి ముఖ్యులు. ఆమెకు గర్భస్రావం అయిందీ ఆ ఏడే. ఆ తరువాత సంతానం కలగలేదు. బిడ్డను కోరుకుని పోగొట్టుకున్న స్త్రీయే, వద్దనుకునే స్త్రీ హక్కు కోసం దేశమంతా తిరిగింది. ఈ రెండింటికీ వైరుధ్యం ఉందని నేను అనుకోను.

ఆ తరం ఉద్యమంలో లోపాలు లేవని కాదు. అమెరికాలో సంతాన నిరోధ ఉద్యమాన్ని నడిపిన మార్గరెట్ శాంగర్ వంటి నాయకుల మాటల్లో జాతి మెరుగుదల వంటి ప్రమాదకరమైన భావాలు కనిపిస్తాయి. మన దేశంలోనూ పేదల సంతానాన్ని దేశానికి భారంగా చూసిన పెద్దింటి భాష ఉండేది. అవాబాయిని నేను గౌరవించేది ఆమె పనితీరు చూసి. కర్ణాటకలోని మాలూరులో 1970లలో ఆమె సంఘం చేపట్టిన ప్రాజెక్టును గమనించండి. అక్కడ శిశుమరణాలు తగ్గాయి, పెళ్లి వయసు పెరిగింది, అక్షరాస్యత రెట్టింపయింది. సంఘం వెళ్లిపోయాక ఊళ్లవాళ్లే ఆ పనిని తమ చేతుల్లోకి తీసుకున్నారు. మొక్కలు నాటడం, రోడ్లు వేయడం, భజన పాటల్లో సందేశం కలపడం, ప్రదర్శనను రైలెక్కించి దేశమంతా తిప్పడం వంటి పనులన్నీ ఆ సంఘం దృష్టిలో కుటుంబ నియంత్రణలో భాగమే. పుట్టిన బిడ్డ బతుకుతుందన్న నమ్మకం లేని తల్లికి చిన్న కుటుంబం గురించి కుటుంబ నియంత్రణ గుర్తైన ఎర్ర త్రికోణం ఎంత చెప్పినా ఏం లాభం?

సరిగ్గా ఆ కాలంలోనే ఎమర్జెన్సీ వచ్చింది. 1976-77 ఒక్క ఏడాదిలోనే 80 లక్షలకు పైగా కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు, అందులో అత్యధికం పురుషులకు, జరిగాయి. జీతాలు ఆపుతామన్న బెదిరింపులు, ఉద్యోగులకు కోటాలు, పోలీసు బలగాలు ఆ లెక్క వెనుక ఉన్నాయి. అవాబాయి ఈ బలవంతాన్ని విమర్శించారు. కార్యక్రమానికే మచ్చ పడిందని బాధపడ్డారు. ఆమె భయం నిజమైంది. మగవాళ్ల ఆగ్రహానికి ఓట్లలో మూల్యం చెల్లించుకున్న రాజకీయం, ఆ భారాన్ని అక్కడి నుంచి ఆడవాళ్ల ఒంటి మీదికి మార్చింది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో వివాహిత స్త్రీలలో సుమారు 38 శాతం మంది ఆపరేషన్ చేయించుకోగా, భర్తకు వేసెక్టమీ (పురుషుల ఆపరేషన్) జరిగిన జంటలు 0.3 శాతమే. ఆంధ్రప్రదేశ్‌లో ఆపరేషన్ చేయించుకున్న స్త్రీలు దాదాపు 70 శాతం, తెలంగాణలో 62 శాతం. పురుషుడికి సులభమైన చిన్న శస్త్రచికిత్స అందుబాటులో ఉండగా, పొట్ట కోయించుకునేది ఆమే.

ఆ అంకెలు ఎలా పోగవుతాయో 2022 ఆగస్టులో హైదరాబాద్ దగ్గరి ఇబ్రహీంపట్నం చూపించింది. ఒకే రోజు శిబిరంలో 34 మందికి ఆపరేషన్లు చేస్తే నలుగురు తల్లులు చనిపోయారు. ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ జిల్లాలో 2014లో కొన్ని గంటల్లో 83 మందికి చేసిన శిబిరం తర్వాత 13 మంది ప్రాణాలు పోయాయి. ఇటువంటి శిబిరాలను మూడేళ్లలో ఆపాలని సుప్రీంకోర్టు 2016లోనే ఆదేశించింది. కాగితం మీద ఆపరేషన్ల లక్ష్యాలను ప్రభుత్వం రద్దు చేసింది 1996లో. అంకె కోసం పరుగెత్తే అలవాటును మాత్రం ఏ ఉత్తర్వూ రద్దు చేయలేకపోయింది.

అవాబాయి నిబద్ధతకు పరీక్ష మరో దిక్కు నుంచీ వచ్చింది. 1980లలో ఆమె అంతర్జాతీయ సమాఖ్య అధ్యక్షురాలిగా ఉండగా, గర్భస్రావ సేవలతో సంబంధమున్న సంస్థలకు నిధులు ఆపేస్తామని అమెరికాలోని రీగన్ ప్రభుత్వం ప్రకటించింది. చట్టం అనుమతించిన దేశాల్లో సభ్య సంఘాలు ఆ సేవలు అందించడాన్ని మానుకోబోమని చెప్పి, సమాఖ్య కోటీ 70 లక్షల డాలర్లు వదులుకుంది. ఎక్కువ కనొద్దని బలవంతపెట్టిన స్వదేశీ ప్రభుత్వాన్నీ, గర్భం మోయక తప్పదన్న విదేశీ ప్రభుత్వాన్నీ ఎదుర్కోవడానికి ఆమెకు, కనవలసిన మనిషినే అడగాలన్న ఒకే సూత్రం సరిపోయింది.

ఇప్పుడు మన రాష్ట్రాల్లో ఎక్కువమందిని కనమంటున్న నాయకులు ఒక విషయం గమనించాలి. ఇక్కడి స్త్రీలలో చాలామందికి పాతికేళ్లలోపే ఆపరేషన్ అయిపోతోంది. మొదటి కాన్పుకూ రెండో కాన్పుకూ మధ్య ఎడం పాటించడానికి కాపర్-టీ, మాత్రలు, ఇంజెక్షన్ వంటి మార్గాలను ఎంచుకునేవారు అతి తక్కువ. మళ్లీ కనాలనిపిస్తే ఆపరేషన్‌లో మూసిన అండవాహికలను తిరిగి కలిపే శస్త్రచికిత్స కష్టం, ఫలితం అనిశ్చితం. అందుచేత ప్రోత్సాహకాల జాబితా రాయకముందు ప్రతి పీహెచ్‌సీలో ఆ తాత్కాలిక పద్ధతులన్నీ దొరుకుతున్నాయా, వాటిని వివరించి చెప్పే తీరిక ఏఎన్‌ఎంకు ఉందా, ఆ గదిలో అత్తా భర్తా లేకుండా ఆ అమ్మాయి నోరు విప్పే వీలుందా అన్నవి చూడాలి. మాలూరులో పని మొదలైంది ఈ వైపు నుంచే.