సెలైన్ సీసాలో ఎన్ని ఇడ్లీలు?

మా పెదనాన్నకు పేగు ఆపరేషన్ అయి గుంటూరులో ఓ ఆసుపత్రిలో పదకొండు రోజులు ఉన్నారు. బీపీ, షుగర్, జ్వరం, మూత్రం ఎంత వచ్చింది... అన్నీ కేస్ షీట్‌లో ఎక్కాయి. బరువు రాయాల్సిన గడి మాత్రం డిశ్చార్జ్ దాకా ఖాళీయే. ఇంటికొచ్చాక చూస్తే చేతి గడియారం మోచేతి దాకా జారుతోంది. మిర్చి టిక్కీ (బస్తా) కూడా కాటా ఎక్కకుండా చేతులు మారని ఊరిది!

రౌండ్స్‌లో "తింటున్నారా?" అని అడిగేవారు. "ఆ, తింటున్నారండీ" అనేది పెద్దమ్మ. ఎంత తిన్నారని ఎవరూ అడగలేదు. క్యారేజీలో నాలుగు ఇడ్లీలు వస్తే రెండున్నర వెనక్కి పోయేవి. సెలైన్ ఎక్కుతోందిగా అని మా అందరికీ ఓ ధైర్యం.

ఆ ధైర్యం లెక్క చూద్దాం. 5 శాతం డెక్స్‌ట్రోజ్ అర లీటరు సీసాలో ఉండేది 25 గ్రాముల గ్లూకోజ్. 100 కేలరీలు కూడా దాటదు, అంటే ఇంచుమించు రెండు ఇడ్లీలు. ప్రొటీన్ సున్నా. నార్మల్ సెలైన్ అయితే ఉత్త ఉప్పునీళ్లే. 60 కిలోల రోగికి రోజుకు సుమారు 1,500 నుంచి 1,800 కేలరీలు, 70 గ్రాముల పైచిలుకు ప్రొటీన్ కావాలి. అది అందకపోతే ఒళ్లు తన కండనే కరిగించుకుంటుంది. కుట్లు త్వరగా మానవు, ఇన్ఫెక్షన్లు చుట్టుకుంటాయి, మంచం దిగి నాలుగడుగులు వేయడం కష్టమవుతుంది.

రోగుల ఎత్తు, బరువు రాసుకోవడం లేదని, ఆసుపత్రిలోనే వాళ్లు చిక్కిపోతున్నారని అమెరికా డాక్టర్ చార్లెస్ బటర్‌వర్త్ 1974లోనే మొత్తుకున్నారు. స్విట్జర్లాండ్‌లో 8 ఆసుపత్రుల్లో, పోషణ లోపం ముప్పున్న 2,000 మందికి పైగా రోగులపై చేసిన అధ్యయనం 2019లో వెలువడింది. మనిషిని బట్టి ఆహారం లెక్కగట్టి పెట్టినవారిలో నెలలోపు మరణాలు 7 శాతం, మామూలు ఆసుపత్రి భోజనం తిన్నవారిలో 10 శాతం.

లోపం పట్టుకోవడానికి పెద్ద మిషన్లేమీ అక్కర్లేదు. బ్రిటన్‌లో వాడే 'మస్ట్' పద్ధతిలో చూసేవి మూడే: ఎత్తుకు తగ్గ బరువుందా, మూడు నుంచి ఆరు నెలల్లో అనుకోకుండా ఎంత తగ్గారు, జబ్బు వల్ల ఐదు రోజులకు మించి తిండి లేకుండా ఉన్నారా. నర్సుకు కొద్ది నిమిషాల పని. లావుగా ఉన్నవాళ్లే ఇక్కడ తప్పించుకుపోతారు. 90 కిలోల మనిషి మూడు నెలల్లో 80కి దిగితే "మంచిదేగా, సన్నబడ్డారు" అంటాం. ఆ పద్ధతిలో ఆయనది పెద్ద ముప్పు కిందే లెక్క. రక్తంలో ఆల్బుమిన్ అనే ప్రొటీన్ ఎంతుందో రిపోర్టు చూసి, పోషణ లోపం ఉందో లేదో తీర్పు చెప్పేవాళ్లూ ఉన్నారు. కానీ తిండితో సంబంధం లేకుండా, ఒంట్లో వాపు, ఇన్ఫెక్షన్ ఉన్నా అది పడిపోతుంది.

తప్పంతా ఆసుపత్రిదే అంటే అన్యాయం. పప్పు పెడితే చీము పడుతుంది, గుడ్డు వేడి, పెరుగు జలుబు అని మనమే ఒక్కొక్కటీ తీసేస్తాం. డాక్టర్ "లైట్ ఫుడ్" అనగానే ఆసుపత్రులుండే గుంటూరు కొత్తపేటలోనైనా, విజయవాడ సూర్యారావుపేటలోనైనా మనం కొనేది కొబ్బరిబోండం, బ్రెడ్డే. ఆపరేషన్ మధ్యాహ్నానికి జరిగితే, రాత్రి నుంచి కట్టిన నోరు అప్పటిదాకా కట్టే ఉంటుంది. అలాగని రోజుల తరబడి తిననివారికి ఒక్కసారిగా కుక్కి పెట్టడమూ ప్రమాదమే. రక్తంలో ఫాస్ఫేట్, పొటాషియం పడిపోయి గుండె లయ తప్పవచ్చు. అందుకే డైటీషియన్ ఏడాదికోసారి తనిఖీ రోజు మాత్రమే కాక, రోజూ వార్డులో కనబడాలి.

చేరిన రోజున బరువు, తర్వాత వారానికోసారి బరువు, పూటపూటకీ కంచంలో ఎంత మిగిలిందో ఒక ముక్క. లేవలేని రోగికి బరువు బదులు జబ్బ చుట్టుకొలత టేపుతో చూడొచ్చు. మొన్న చెకప్‌కు వెళ్లినప్పుడు పెద్దమ్మే నర్సును అడిగి పెదనాన్నను కాటా ఎక్కించింది. 49 కిలోలు. ఆపరేషన్ ముందు ఎంతుందో చీటీలో లేదు గనక, ఎంత తగ్గారని డాక్టర్ అడిగితే ఆమె గడియారం చూపించింది.