గోబ్లిన్ జుట్టు ఏ ఎడిషన్‌లో పట్టుకోవాలి?

వాట్సాప్ గ్రూపులో మళ్ళీ పోల్ పెట్టారు. "మనం ఏ రూల్‌బుక్‌తో ఆడదాం?" ఆప్షన్లు పన్నెండు. పోల్‌లో పన్నెండుకి మించి పెట్టడానికి వాట్సాప్ ఒప్పుకోదు కాబట్టి అక్కడ ఆగారు గానీ, లేకపోతే బెంగళూరులో డంజియన్స్ అండ్ డ్రాగన్స్ ఆడాలని ముచ్చటపడే తెలుగువాళ్ళ ప్రజాస్వామ్యానికి హద్దుంటుందా? చోటు దక్కని పదమూడో పుస్తకానికి అన్యాయం జరిగిందంటూ పది నిమిషాల్లో ఇంకో పోల్ వచ్చింది. ఇంతకీ మొదటి పోల్‌లో గెలిచిన ఆప్షన్: "మీరేం చెప్తే అదే."

ఆట తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. నలుగురైదుగురు బల్ల చుట్టూ కూర్చుంటారు. ఒకరు కథ నడుపుతారు, వాళ్ళని డంజియన్ మాస్టర్ అంటారు. మిగతావాళ్ళకి తలా ఒక పాత్ర: ఒకరు కత్తివీరుడు, ఒకరు మంత్రగత్తె, ఒకరు దొంగ. "గుహలో చీకటిగా ఉంది, లోపల ఏదో కదులుతోంది, ఏం చేస్తారు?" అని మాస్టర్ అడిగితే వీళ్ళు చెప్తారు. చెప్పింది కుదురుతుందా లేదా అన్న అనుమానం వచ్చినచోట ఇరవై ముఖాల పాచిక వేస్తారు. ఆట ఇంతే. మిగిలిందంతా రూల్‌బుక్కు. మా మిత్రులు ఆ మిగిలినదాంట్లోనే కాపురం పెట్టారు.

వేదిక, బెళ్ళందూరులో ఒక అపార్ట్‌మెంట్ క్లబ్ హౌస్. ఆదివారం నాలుగు నుంచి ఆరు దాకా బుకింగ్. ఔటర్ రింగ్ రోడ్డు దాటుకుని అందరూ చేరేసరికి అయిదవుతుంది కాబట్టి, సభ జరిగేది ఒక గంట. సభ్యులకు అమ్మానాన్నలు పెట్టిన పేర్లున్నాయి గానీ ఇక్కడ ఎవరి ఎడిషనే వాళ్ళ ఇంటిపేరు.

అందరికంటే పెద్దవాడు రెండో ఎడిషన్ బాబాయ్. 1989 నాటి ఆ పుస్తకంలో థాకో అని ఒక లెక్క ఉంటుంది. సున్నా కవచమున్నవాణ్ణి కొట్టాలంటే పాచిక మీద పడాల్సిన అంకె అది. కవచం గట్టిపడేకొద్దీ దాని అంకె తగ్గుతుంది. పది కంటే సున్నా మేలు, సున్నా కంటే మైనస్ రెండు మేలు. "నీ థాకో 18, ఎదుటివాడి కవచం మైనస్ 2, పాచిక ఎంత పడాలి?" అని అడిగి, మనం తప్పు చెప్పేదాకా బాబాయ్ కళ్ళు మూసుకుని కూర్చుంటాడు. జవాబు ఇరవై. కంపెనీ 2000లో మూడో ఎడిషన్ తెచ్చినప్పుడు ఈ లెక్కని తిరగేసి, ఎక్కువ అంకె అంటే ఎక్కువ కవచం అని మామూలు మనుషులకు అర్థమయ్యేలా మార్చింది. దేశంలో గణితం ఆ రోజే చచ్చిపోయిందని బాబాయ్ సిద్ధాంతం.

తర్వాత మూడున్నర. మూడో ఎడిషన్ వచ్చిన మూడేళ్ళకే, 2003లో, దాన్ని కాస్త సరిచేసి మూడున్నర అని పేరుపెట్టి పుస్తకాలన్నీ మళ్ళీ అమ్మారు. ఈయన రెండు సెట్లూ కొన్నాడు. 2008లో నాలుగో ఎడిషన్ వస్తే అది నచ్చని జనం కోసం, ఈ మూడున్నర నియమాల మీదే ఇంకో కంపెనీ 2009లో పాత్‌ఫైండర్ అచ్చువేసింది. 576 పేజీలు. దాని భక్తుడు పాత్‌ఫైండర్ తమ్ముడు. ఇద్దరి నియమాలకీ తాత ఒకడే, ముక్కూ మొహం ఒకటే. దాయాదులు కాబట్టి మాటల్లేవు. నాలుగో ఎడిషన్ తరఫున సభలో ఎవరూ లేరు. ఆ పేరెత్తితే బాబాయ్ మంచినీళ్ళకని లేచి వెళ్తాడు.

ఇక అధ్యక్షులు ఎక్సెల్ స్వామి. ఉద్యోగం ప్రొడక్ట్ మేనేజర్. 2014 అయిదో ఎడిషన్‌ది ఒక కాపీ, 2024లో దాన్నే సవరించి వేసినదానిది ఒక కాపీ, రెండూ పక్కపక్కన పెట్టుకుని కూర్చుంటాడు. అన్ని రూల్‌బుక్కులనీ ఒకే తక్కెడలో తూచాలని ఆయనే షీటు తయారుచేశాడు. సరళతకి ఇరవై శాతం, లోతుకి ఇరవై అయిదు, ముఖచిత్రానికి అయిదు, ఇలా. ఆటలో సరదా అనే కాలమ్ పెట్టబోయాడు గానీ, దాన్ని కొలవడం కుదరదని మూడున్నర అభ్యంతరం చెప్పడంతో తీసేశారు.

ఆ తర్వాత బెంచ్‌మార్క్. ఒకే సన్నివేశాన్ని ప్రతి పుస్తకంతోనూ ఆడి చూడాలి. ఏ సన్నివేశం? సర్వసమ్మతంగా ఎంచుకున్నది: గుహలో ఎదురైన గోబ్లిన్ అనే పొట్టి రాక్షసుణ్ణి జుట్టు పట్టుకోవడం.

ముందు బాబాయ్ లేచాడు. రెండో ఎడిషన్‌లో కుస్తీకి ఒక పట్టిక ఉంది. పాచిక మీద ఏ అంకె పడితే దాన్నిబట్టి పట్టు తేలుతుంది. నీ ఉద్దేశంతో దానికి పనిలేదు. బాబాయ్ పాచిక వేశాడు. పట్టిక మోచేతి పోటు అంది. "నేను జుట్టు కదా పట్టుకుంటానన్నాను" అని తమ్ముడు గొణిగితే, "పట్టిక పొడవమంటే పొడవాల్సిందే" అని బాబాయ్ తీర్పు. సరళతకి తొమ్మిది మార్కులు తనే వేసుకున్నాడు.

మూడున్నర వంతు. గోబ్లిన్ మీద చెయ్యి వెయ్యబోగానే ముందు అది నిన్ను ఒకసారి కొట్టొచ్చు. ఆ దెబ్బ తగిలి ఒంటికి గాయమైతే నీ ప్రయత్నం అక్కడితో సరి. తగలకపోతే, నువ్వు దాన్ని తాకగలిగావా అని ఒక పాచిక. తాకితే, పట్టు నిలిచిందా అని నువ్వొకటి, అదొకటి. గోబ్లిన్ చిన్న జీవి కాబట్టి దానికి నాలుగు తగ్గించాలి. పట్టు నిలిస్తే నువ్వు దాని చోట్లోకి జరగాలి, జరిగేటప్పుడు దాని పక్కనున్న గోబ్లిన్లకి నిన్ను కొట్టే అవకాశం వస్తుందా అన్నది ఇంకో చర్చ. ఇది వివరిస్తూ ఆయన లేచి ఎక్సెల్ స్వామిని గోబ్లిన్‌గా నిలబెట్టి మెడ మీద చెయ్యి వేశాడు. సరిగ్గా అప్పుడే సెక్యూరిటీ ఆయన తలుపు తోసి లోపలికొచ్చాడు. "ఏన్ సార్ ఇదు?" అన్నాడు. ఆట అన్నారు. "ఆట యావాగ శురు?" అన్నాడు ఆయన, ఎప్పుడు మొదలని. ఆ సాయంత్రం అడిగినవాటిలో అర్థవంతమైన ప్రశ్న అదొక్కటే. సమాధానం చెప్పినవాడు లేడు.

పాత్‌ఫైండర్ తమ్ముడు మాత్రం, మొదటి పాత్‌ఫైండర్‌లో ఈ గొడవంతా ఒకే అంకెకి కుదించారనీ, 2019లో వచ్చిన రెండో దాంట్లో ఇంకా శుభ్రంగా అథ్లెటిక్స్ పాచిక ఒకటే చాలనీ ప్రకటించాడు. అయితే అదే టర్న్‌లో అంతకుముందు కత్తితో కొట్టి ఉంటే అయిదు తగ్గుతుంది. "కత్తితో కొట్టామా?" అని చర్చ. ఎవరూ గుహలోకే వెళ్ళలేదు, కత్తితో కొట్టారో లేదో ఎవరికి తెలుసు? రెండు వాదనలూ మినిట్స్‌లో రాసుకున్నారు.

చివర అధ్యక్షుల వారు. 2014 పుస్తకంలో నీ బలానికీ గోబ్లిన్ బలానికో ఒడుపుకో పోటీ. గెలిచావు. గోబ్లిన్ దొరికింది. ఇప్పుడేమవుతుంది? దాని వేగం సున్నా అవుతుంది. అంతే. అది అక్కడే నిలబడి నిన్ను కత్తితో పొడవొచ్చు. దీన్ని 2024లో మార్చారు కదా, అప్పుడు పోటీ లేదు, గోబ్లినే తప్పించుకునే పాచిక వేసుకోవాలి అని ఆయనే ఆయన్ని ఖండించుకున్నాడు. ఇంతలో బాబాయ్ కొంప ముంచాడు. "అసలు గోబ్లిన్‌కి జుట్టుంటుందా?" రాక్షసుల బొమ్మలూ వివరాలూ ఉండే మాన్‌స్టర్ మాన్యువల్‌లు బయటికొచ్చాయి. బొమ్మలు జూమ్ చేశారు. తలపాగా కింద ఉండొచ్చని ఒకరు, అది తలపాగా కాదు తోలు టోపీ అని ఇంకొకరు. జుట్టు సంగతి ఏ పుస్తకంలోనూ తేలలేదు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు సోమలింగం అప్పుడే గోబ్లిన్ జుట్టు పట్టుకోబోతున్నాడు.

మధ్యలో ఒక అమాయకుడు షాడోడార్క్ అనే 2023 పుస్తకం చిన్నగా ఉంటుంది, అది చూద్దామన్నాడు. అందులో దివిటీ నిజంగానే ఒక గంట వెలుగుతుంది. గోడ గడియారంలో గంట గడిస్తే గుహలో చీకటి. బాగుంది, ప్రయోగం చేద్దామని ఫోన్‌లో టైమర్ పెట్టి దివిటీ వెలిగించారు. రూల్ చదివే సమయం దివిటీ లెక్కలోకి వస్తుందా రాదా అన్న చర్చలో అది ఆరిపోయింది. అప్పటికి ఒక్కరి పాత్రకీ పేరు పెట్టలేదు.

ఇంతవరకు నాకూ సరదాగానే ఉంది. ఎవరి ఆదివారం వాళ్ళిష్టం.

ఒకరోజు ఈ సభకి హిందూపురం అమ్మాయి వచ్చింది. తమ్ముడి ఆఫీసులో కొత్తగా చేరింది, మారతహళ్ళిలో పీజీలో ఉంటోంది. ఆట గురించి ఎక్కడో చూసి, ఒక పాత్ర కూడా ఊహించుకుని వచ్చింది. పగలంతా గుడి ముందు పూలు కట్టి అమ్మే ముసలమ్మ, రాత్రయితే దొంగ. "గోబ్లిన్ ఎదురైతే ఏం చేస్తుంది?" అని ఎవరో అడిగారు. "ఫస్ట్ ఒక అరటిపండు ఇచ్చి చూస్తుందన్నా" అంది.

ఆ గదిలో అన్ని ఆదివారాల్లోనూ ఎవరైనా ఆడిన ఎత్తు అదొక్కటే. అక్కడే, ఆ నిమిషమే ఆట మొదలైపోయింది. మా మేధావులు గమనించలేదు. ముసలితనానికి రెండో ఎడిషన్‌లోనూ మూడున్నరలోనూ బలం తగ్గుతుంది, అయిదులో తగ్గదు, కాబట్టి ముందు ఎడిషన్ తేలాలి అన్నాడు మూడున్నర. అరటిపండు ఇవ్వడం ఒప్పించడం కిందికి వస్తుందా, జంతువుల్ని మచ్చిక చేసుకోవడం కిందికి వస్తుందా, అసలు గోబ్లిన్ జంతువా కాదా అని తమ్ముడు. పది నిమిషాలు విని ఆ పిల్ల "ఆడేది ఎప్పుడన్నా?" అంది. అధ్యక్షుల వారు చిరునవ్వు నవ్వి, మూడు కోర్ పుస్తకాలూ కొని చదువుకుని రమ్మన్నారు. మూడూ కలిపి దాదాపు వెయ్యి పేజీలు. ఆమె అక్కడే ఫోన్‌లో ధర చూసింది. పీజీకి అద్దె కట్టాలి కదా. మళ్ళీ రాలేదు.

అబద్ధం చెప్పారు ఆ పిల్లకి. పైసా పెట్టి ఏమీ కొనక్కర్లేదని ఆ నలుగురికీ తెలుసు. అయిదో ఎడిషన్ మూల నియమాలు ఉచితం. పాత్‌ఫైండర్ నియమాలు మొత్తం, కంపెనీ అనుమతితోనే, నెట్‌లో ఉచితం. తమ్ముడు రోజూ అక్కడే చదువుతాడు. ఇంకా సిగ్గుచేటైన సంగతి, 2023 జనవరిలో డంజియన్స్ అండ్ డ్రాగన్స్ అచ్చువేసే ఆ పెద్ద కంపెనీ, తన నియమాలతో ఎవరైనా సొంత పుస్తకాలు వేసుకోవచ్చన్న పాత ఓపెన్ లైసెన్స్‌ని చెల్లదనబోయినప్పుడు, మీ పుస్తకాల మీద వచ్చేదాంట్లో మాకూ వాటా కావాలని ముసాయిదాలో రాసుకున్నప్పుడు, లోకమంతా భగ్గుమంది. మా నలుగురూ భగ్గుమన్నారు. "ఆట అందరిదీ" అని డీపీలు మార్చారు, చందాలు రద్దు చేసుకున్నారు. జనవరి 27న కంపెనీ దిగొచ్చి, ఆ మూల నియమాల్ని ఎవరైనా ఉచితంగా వాడుకునేలా క్రియేటివ్ కామన్స్ అనే లైసెన్స్ కింద వదిలేసింది. ఇక ఎవరూ వెనక్కి తీసుకోలేరు. ఎవరి కోసం గెలిచారయ్యా అది? అమెరికాలో కంపెనీ గేటు మూయబోతే కొట్లాడి తెరిపించినవాళ్ళు, బెళ్ళందూరులో క్లబ్ హౌస్ తలుపు దగ్గర మీరే గూర్ఖాల్లా నిలబడి ఒక ఆడపిల్లని రశీదు చూపించమన్నారు!

1974లో ఈ ఆట మొదటిసారి అచ్చయినప్పుడు ఒక పెట్టెలో మూడు సన్నటి పుస్తకాలు. వెయ్యి కాపీలు. సగం సంగతులు అందులో లేనే లేవు. మూడో పుస్తకం చివర, ఆటని తయారుచేసిన గైగాక్స్, ఆర్నెసన్ చెప్పిన మాట ఏమిటంటే, మీ ఊహ మీరే చేసుకోండి, అది కూడా మేమెందుకు చేసిపెట్టాలని. అయిదేళ్ళు తిరక్కుండా అదే గైగాక్స్ అందరూ ఒకే పద్ధతిలో ఆడాలని లావుపాటి పుస్తకాలు రాశాడు, అది వేరే కథ. మొదటి మాట మాత్రం వాళ్ళ చేత్తో రాసిందే. యాభై ఏళ్ళయింది. వారమంతా ఆఫీసులో ప్రాసెస్ డాక్యుమెంట్ల కింద నలిగి, రివ్యూ మీటింగులని తిట్టుకుని, ఆదివారం రాగానే ఆ చేత్తోనే ఇంకో రివ్యూ మీటింగు పెట్టుకునే మీకు డ్రాగన్లెందుకు? పూలమ్మే ముసలమ్మ అరటిపండు పట్టుకుని గుహ ముందు నిలబడితే లోపలికి పోనివ్వని మీకు పాచికలెందుకు? రెండో పేజీ దాటని రూల్స్‌తో ఆ సాయంత్రమే ఆడి ఉంటే ఏం పోయేది? ముసలమ్మ చచ్చిపోయేదా? పోనీ, చావనివ్వండి. కనీసం ఒకరు ఆడి చచ్చేవాళ్ళు.

సరే. కోపం వల్ల లాభం లేదు, కమిటీ నిర్ణయం ఎప్పుడో జరిగిపోయింది. ఏ పుస్తకానికీ వందకి డెబ్భై రాకపోవడంతో, అన్నిటిలోని మంచీ ఏరుకుని సొంత రూల్‌బుక్ రాయాలని తీర్మానించారు. ఒకే రాతని తలా ఒక బ్రాంచ్‌లో దిద్ది, తర్వాత మర్జ్ చేసి కలుపుకునే గిట్‌హబ్ అనే సైట్‌లో పెట్టారు. బాబాయ్ థాకోతో ఒక బ్రాంచ్, మిగతావాళ్ళు థాకో లేకుండా ఇంకో బ్రాంచ్. కుస్తీ అధ్యాయం మాత్రం మర్జ్ కావడం లేదు, జుట్టు దగ్గర కాన్‌ఫ్లిక్ట్. ఇప్పటికి తేలిందల్లా, గోబ్లిన్‌కి జుట్టున్నదీ లేనిదీ పాచిక వేసి నిర్ణయించాలి, ఆ పాచిక ఎవరు వెయ్యాలన్నది అనుబంధంలో రాస్తారు.

వచ్చే ఆదివారం నాలుగింటికి అనుబంధం మీద ఓటింగ్. క్లబ్ హౌస్ బుక్ అయింది. లాప్‌టాప్, చార్జర్ తెచ్చుకోవాలి. పాచికలు అక్కర్లేదు.