బల్ల మీద సార్వభౌమాధికారం

దేశాల సరిహద్దుల మీద లెక్కలేనన్ని ఒప్పందాలున్నాయి. ఆఫీసు బల్లకున్న సరిహద్దు మీద మాత్రం ప్రపంచ దేశాలు ఇంతవరకు నోరు మెదపలేదు. పక్క సీటాయన మోచేయి రోజుకింత చొప్పున నా భూభాగంలోకి జరిగి వస్తోంది. అడ్డుకోవడానికి నా దగ్గర ఒక క్యాలెండరు, ఒక స్టేప్లరు తప్ప సైన్యం లేదు.

బల్లంటే చెక్క, నాలుగు కాళ్లు అనుకునేవారితో నాకు పేచీ ఉంది. నా బల్లకు ఒక కాలు పొట్టి. దాని కింద మడతలు పెట్టిన పాత సర్క్యులరు ఉంది. మా ఆఫీసులో నిజంగా ఉపయోగపడిన సర్క్యులరు, నాకు తెలిసి, అదొక్కటే. కింది సొరుగు సగం వరకు బుద్ధిగా వస్తుంది. ఆపైన ఎడమ వైపు మోకాలితో చిన్నగా తట్టాలి. ఆ తట్టడంలోని మెళకువ మరొకరికి నేర్పేది కాదు. లోపల రాయని పెన్నులు, ఏ తాళానివో తెలియని తాళంచెవులు, ఎప్పుడో పోయిన ఫోను తాలూకు చార్జరు. పారేయమని సలహా ఇచ్చే పెద్దమనుషులున్నారు. పారేసిన మర్నాడే ఆ తాళం ఎదురుపడితే బాధ్యత ఎవరిది?

శాస్త్రం కూడా నా పక్షమే. 1990లో కానెమన్, థేలర్ తదితర పరిశోధకులు ప్రచురించిన ప్రయోగాల్లో కొందరికి కప్పులు ఊరికే ఇచ్చి, ఎంతకు అమ్ముతారని అడిగారు. కప్పు చేతికొచ్చి ఎంతోసేపు కాకపోయినా, కొనేవారు ఇస్తామన్నదానికి రమారమి రెట్టింపు అడిగారు వాళ్లు. ఊరికే వచ్చిన కప్పు మీదే అంత మమకారమైతే, నా గ్లాసు అడుగు గుండ్రంగా ముద్రలు వేసిన బల్లకు వెల కట్టేదెవరు?

అయినా యాజమాన్యాలు ఇప్పుడు ‘ఎవరికీ సొంత బల్ల ఉండదు, ముందొచ్చినవారిదే చోటు’ అంటున్నాయి. దీనికి స్వేచ్ఛ అని పేరు. ఈ స్వేచ్ఛ కొత్తదేమీ కాదు. లాస్ ఏంజెలెస్‌లోని చియాట్ డే అనే ప్రకటనల సంస్థ 1990లలోనే ఉద్యోగుల బల్లలు తీసేసింది. పొద్దున్నే కౌంటరు దగ్గర ల్యాప్‌టాప్, ఫోను పుచ్చుకోవాలి, పోయేటప్పుడు అప్పజెప్పాలి. సొంత సామానుకు లాకరు. చదువుకున్నవాళ్లు, మంచి జీతాలవాళ్లు ఏం చేశారు? కాగితాలు కారు డిక్కీల్లో దాచుకున్నారు. ఒకరైతే పిల్లల బొమ్మబండిలో సామాను వేసుకుని ఆఫీసంతా లాక్కుంటూ తిరిగారు! చివరికి ఎవరి చోటు వారికి ఇవ్వక తప్పలేదు.

అంతకుముందు, 1968లో, రాబర్ట్ ప్రాప్‌స్ట్ అనే అమెరికన్ డిజైనరు ఉద్యోగులు ఇష్టమొచ్చినట్టు అమర్చుకునే అరగోడలు తయారుచేశాడు. సంస్థలు వాటిని దగ్గరికి నొక్కి పెట్టెలు చేశాయి. మనిషి ఆ పెట్టెలోనూ గోడకు పిల్లల ఫొటో గుచ్చి, ఇల్లు కట్టుకున్నంత సంబరపడ్డాడు. ఇలాంటి జాతి దగ్గర బల్ల లాక్కోవాలనుకోవడం సాహసమే.

కాబట్టి ఒక చట్టం ముసాయిదా సిద్ధం చేశాను. కుర్చీ లివరు ముట్టుకునేవారు అంతకుముందున్న ఎత్తును రాతపూర్వకంగా నమోదు చేయాలి. నేను సెలవులో ఉండగా నా బల్ల వాడుకునేవారు మొక్కకు నీళ్లు పోయాలి. అది ప్లాస్టిక్‌ది అన్న సాకు చెల్లదు. ‘కాస్త సర్దాను’ అన్న మాటను నేరాంగీకారంగా పరిగణించాలి. నా సొరుగులోని పెన్నులు తొలుత ఎవరివన్న విచారణ మాత్రం ఈ చట్టం పరిధిలోకి రాదు.